రేకుల ఇళ్ళల్లో వేడి కొలిచాం, రిపోర్టు మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాం, ఇప్పుడు ఏం చెయ్యాలి?

గోదావరి_గట్టు:

అందరికీ నమస్తే. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్లానింగ్ సబ్జెక్టు చెప్తాను, పీహెచ్‌డీ కూడా నడుస్తోంది. ఊరి పేరు వద్దులెండి, కోస్తాలో లక్షన్నర జనాభా ఉన్న ఒక మున్సిపాలిటీ అనుకోండి. పోయిన ఏడాది ఏప్రిల్, మే నెలల్లో మా స్టూడెంట్స్‌తో కలిసి ఒక కాలనీలో రేకుల ఇళ్ళల్లో, స్లాబు ఇళ్ళల్లో టెంపరేచర్ లాగర్లు పెట్టాం, అగ్గిపెట్టె అంత ఉంటాయి, గోడకి మేకు కొట్టి తగిలిస్తే పావుగంటకోసారి దానంతట అదే రాసుకుంటుంది.

ఒక్క ఇంటి సంగతి చెప్తా. ఇడ్లీ బండి నడిపే ఆవిడ, సిమెంటు రేకుల గది ఒకటే. రాత్రి పదకొండు దాటాక లోపల 36 డిగ్రీలు, అదే టైముకి బయట అరుగు మీద 31. ఆవిడ నేల మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, చీర తడిపి కప్పుకుని పడుకుంటుంది, మనవరాలిని మాత్రం పక్క వీధిలో స్లాబు ఇంటికి పంపేస్తుంది. పొద్దున మూడింటికి లేచి పప్పు రుబ్బాలి. "నిద్ర పట్టిందా అని అడక్కమ్మా, తెల్లారిందా అని అడుగు" అంది. ఆ మాట రిపోర్టులో ఎక్కడ పెట్టాలో తెలీక వదిలేశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రిపోర్టు అరవై పేజీలు, ఇంగ్లీషులో, బైండింగ్ చేయించి మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్ళాం. బాగానే కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు, మంచి పని చేశారు మేడం అన్నారు. మూడు నెలల తర్వాత వెళ్తే టౌన్ ప్లానింగ్ వాళ్ళు ఎండ సంగతి హెల్త్ సెక్షన్‌ది అన్నారు, హెల్త్ వాళ్ళు ఇంటి కప్పులంటే ఇంజనీరింగ్ అన్నారు, ఇంజనీరింగ్ వాళ్ళు దానికి మా దగ్గర ఐటమ్ లేదండి అన్నారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ కసురుకోలేదు, కానీ ఫైలు ఎక్కడా పుట్టలేదు.

అహ్మదాబాద్‌లో పరిశోధకులు, కార్పొరేషన్ వాళ్ళు కలిసి ఎండల ప్లాన్ చేశారని క్లాసులో నేనే చెప్తుంటాను. అది నిజంగా ఎలా మొదలైంది, ఎవరు ఎవరి దగ్గరకి వెళ్ళారు, మాలాంటి చిన్న ఊళ్ళో ఏది ముందు పట్టుకోవాలి? ఆఫీసు లోపల పని చేసినవాళ్ళు చెప్తే ఇంకా మేలు.

సబర్మతి_తెలుగోడు:

అండీ నేను గుజరాత్‌లో పబ్లిక్ హెల్త్ చదువుకున్నా, తర్వాత కొన్నేళ్ళు అక్కడే ఉద్యోగం, కాబట్టి ఈ కథ బాగా దగ్గరగా విన్నాను. 2010 మేలో అహ్మదాబాద్‌లో 46.8 డిగ్రీలు కొట్టింది, మే 21న. వడదెబ్బ అని కాగితం మీద రాసిన చావులు చాలా కొద్ది. అందుకని ఊరంతా ఎండలు బాగా కాశాయి అనుకుని మర్చిపోయేదే. కానీ ఆ కార్పొరేషన్ దగ్గర చావుల రిజిస్టర్ బాగుంది, రోజువారీగా ఉంది, గాంధీనగర్ పబ్లిక్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, అంటే డాక్టర్ దిలీప్ మావలంకర్ గారి టీము, కారణం కాలమ్ పక్కన పెట్టేసి అన్ని మరణాలూ లెక్కపెట్టారు. మామూలు రోజుల్లో వంద చుట్టూ ఉండే లెక్క ఆ 21న 310. నెల మొత్తం మీద, ముందు ఏడాదులతో పోలిస్తే 1,344 మంది ఎక్కువ చనిపోయారు, అంటే నూటికి 43 ఎక్కువ.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ 1,344 అనేది కార్పొరేషన్ సొంత రిజిస్టర్‌లోంచి వచ్చిన అంకె. బయటివాళ్ళు వచ్చి మీ ఊరు బాలేదు అన్నట్టు కాదు, మీ పుస్తకంలోనే ఉంది చూడండి అన్నట్టు అయ్యింది. ఆ తర్వాత అమెరికా నుంచి ఎన్ఆర్‌డీసీ అనే సంస్థ, ఎమరీ యూనివర్సిటీ వాళ్ళు కలిశారు, 2013లో మొదటి హీట్ యాక్షన్ ప్లాన్ వచ్చింది, దక్షిణాసియాలోనే అలాంటిది అదే మొదటిది. కార్పొరేషన్ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ఒక నోడల్ ఆఫీసర్‌ని, అంటే అన్ని శాఖల్నీ కలిపి నడిపించే మనిషిని, పెట్టారు. 41 దాటితే పసుపు, 43 దాటితే నారింజ, 45కి ఎరుపు, ఏ రంగుకి ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే రాసి పెట్టుకున్నారు. అంబులెన్సుల్లో ఐస్ ప్యాకులు, పార్కులు ఎక్కువ టైము తెరిచి ఉంచడం, డాక్టర్లకి ట్రైనింగ్, ఇవన్నీ దాంట్లోవే.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి ఉంది. అక్కడ ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డు పై అంతస్తులో ఉండేది, పైన డైరెక్టుగా ఎండ పడే స్లాబు. ఎండాకాలం పుట్టిన పసివాళ్ళు వేడి తట్టుకోలేక ఐసీయూకి వెళ్తున్నారని డాక్టర్లే కనిపెట్టారు, లెక్క తీస్తే 42 దాటాక ఒక్కో డిగ్రీకి అలాంటి అడ్మిషన్లు నూటికి 43 చొప్పున పెరుగుతున్నాయి. వార్డుని కిందకి దింపారు. వేడి వల్ల ఐసీయూకి వెళ్ళే పిల్లలు సగం కంటే తక్కువకి పడిపోయారు. కొత్త బిల్డింగ్ కట్టలేదు, మంచాలు కిందకి మార్చారు, అంతే. అలాంటి పని ఒకటి మీ ఊళ్ళో వెతకండి మేడం, తొందరగా అయ్యేది, కళ్ళకి కనపడేది.

2018లో వచ్చిన పేపర్‌లో ప్లాన్ వచ్చాక 2014, 15 సంవత్సరాల్లో సగటున ఏడాదికి 1,190 చావులు తప్పాయని అంచనా వేశారు. అంచనాయే, పాత ఏళ్ళతో పోల్చి వేసిన లెక్క, కానీ మళ్ళీ ఆ రిజిస్టర్ లేకపోతే ఆ అంచనా కూడా ఉండేది కాదు. కాబట్టి నా సలహా, అరవై పేజీల రిపోర్టు ఇంకోసారి ఇవ్వకండి. మీ మున్సిపాలిటీ చావుల రిజిస్టర్ అడగండి.

రిటైర్డ్_టీపీవో:

అమ్మా, ముప్పై ఏళ్ళు నాలుగు మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్‌లో చేసి దిగాను. నీ రిపోర్టు ఎందుకు కదల్లేదో లోపలివాడిగా చెప్తాను, ఏమీ అనుకోకు.

ఆఫీసులో ఏ పని అయినా నోట్ ఫైలుతో మొదలవుతుంది, నోట్ రాసేవాడు సీట్లో ఉన్న క్లర్కు. నీ పుస్తకం చూసి ఆయన నోట్ రాయాలంటే మూడు ముక్కలు కావాలి: ఏం చెయ్యాలి, ఎంత అవుతుంది, ఏ పద్దు కింద. నువ్వు ఇచ్చిన అరవై పేజీల్లో ఈ మూడూ ఉండి ఉండవు, ఉన్నా యాభై ఎనిమిదో పేజీలో ఉంటాయి. ఒకటిన్నర పేజీ తెలుగులో రాసి ఇవ్వు, కింద వార్డు మ్యాపు ఒకటి పెట్టు.

ఇంజనీరింగ్ వాళ్ళు ఐటమ్ లేదన్నారంటే వాళ్ళు తప్పించుకోలేదమ్మా, ఎస్టిమేట్ రాయాలంటే ఎస్ఎస్ఆర్‌లో, అంటే సర్కారు రేట్ల పుస్తకంలో, రేటు ఉండాలి, లేని ఐటమ్ రాస్తే ఆడిట్‌లో అది రాసిన అసిస్టెంట్ ఇంజనీరు జీతంలోంచి రికవరీ పెడతారు. కూల్ రూఫ్ కోటింగ్, అదే కప్పు మీద ఎండని వెనక్కి కొట్టే తెల్ల పూత, అని రాస్తే ఎవడూ సంతకం పెట్టడు. సున్నం మూడు పూతలు అని రాయి, అది మా తాతల కాలం నుంచీ రేట్ల పుస్తకంలో ఉంది. పని అదే, పేరు తెలిసిన పేరు.

ఇంకోటి టైము. నువ్వు ఏప్రిల్‌లో కొలిచి ఆగస్టులో ఇచ్చి ఉంటావు. ఆగస్టులో మా వాళ్ళ బుర్రల్లో డ్రైన్లు, దోమలు తప్ప ఇంకేం ఉండవు. బడ్జెట్ కసరత్తు చలికాలంలో జరుగుతుంది, వేసవి కార్యాచరణ అని ప్రతి ఏడాదీ ఒకటి తయారు చేస్తారు, అందులో మంచినీళ్ళ ట్యాంకర్లు, బోర్ల రిపేర్లు, చలివేంద్రాలు ఉంటాయి. అది ఎలాగూ కౌన్సిల్‌కి వెళ్తుంది. కొత్త ఫైలు పుట్టించడం కంటే వెళ్ళే ఫైల్లో ఒక పేరా ఎక్కించడం తేలిక. నవంబర్‌లో వెళ్ళు.

ఆఖరుగా, కౌన్సిలర్‌ని వదిలెయ్యకు. ఆ కాలనీ వార్డు కౌన్సిలర్‌ని ఆ ఇడ్లీ ఆవిడ ఇంట్లో రాత్రి పదింటికి పావుగంట కూర్చోబెట్టు. నేను అలా ఒకసారి ఒక చైర్మన్ గారిని వాన పడుతున్నప్పుడు మోకాటి లోతు నీళ్ళున్న వీధికి తీసుకెళ్ళా, రెండేళ్ళుగా ఆగిన కల్వర్టు ఆ నెల్లోనే తీర్మానం అయ్యింది.

గోదావరి_గట్టు:

బాబాయ్ గారూ ఆగస్టే, సరిగ్గా ఆగస్టులోనే ఇచ్చాం. చాలా థాంక్స్ అండి. సబర్మతి గారూ రిజిస్టర్ అడిగితే ఇస్తారా, అందులో పేర్లు అడ్రసులు ఉంటాయి కదా? ఇచ్చినా మా ఊరంత చిన్న ఊళ్ళో ఆ లెక్క నిలబడుతుందా?

డాక్టర్_కమ్యూనిటీ_మెడిసిన్:

మేడం, ఈ రెండో ప్రశ్న చాలా అవసరమైంది. లక్షన్నర జనాభాకి ఏడాదికి వెయ్యి మందికి ఆరేడు మరణాలు వేసుకుంటే మొత్తం వెయ్యి చుట్టూ వస్తాయి, రోజుకి సుమారు మూడు. ఒకరోజు మూడు కాస్తా ఆరు అయ్యాయని ఎండని పట్టుకోలేం, ఊరికే కూడా అలా అవుతుంది. కాబట్టి రోజువారీ గీత గియ్యకండి, వారాలుగా కలపండి, కనీసం ఏడెనిమిది ఏళ్ళవి తీసుకోండి, వీలైతే పక్కనున్న రెండు మూడు మున్సిపాలిటీలవి కలపండి. కోవిడ్ ఏళ్ళు 2020, 21 పక్కన పెట్టండి లేకపోతే పోలిక అంతా పాడవుతుంది.

రిజిస్టర్‌లో మూడు చోట్ల జాగ్రత్త. మొదటిది తేదీ. మరణం జరిగిన తేదీ వేరు, నమోదు చేసిన తేదీ వేరు, చట్టం ప్రకారం 21 రోజుల్లోపు చెప్పచ్చు, చాలామంది పెద్దకర్మ అయ్యాక వచ్చి చెప్తారు. నమోదు తేదీ తీసుకుంటే మే నెల ఎండలు జూన్ వానల్లో కనపడతాయి. రెండోది అడ్రసు. చనిపోయిన చోటే నమోదు చేస్తారు కాబట్టి మీ ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంటే చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా మీ లెక్కలోకి వస్తారు, సొంత చిరునామా కాలమ్ చూసి ఏరాలి. అలాగే మీ ఊరివాళ్ళు గుంటూరో విజయవాడో వెళ్ళి చనిపోతే మీ పుస్తకంలో ఉండరు. మూడోది కారణం. సగానికి పైగా గుండె ఆగిపోయింది అని రాసి ఉంటుంది, ఎవరికైనా ఆఖరున ఆగేది గుండే, దాన్ని నమ్మకండి. అహ్మదాబాద్ వాళ్ళు కారణం వదిలేసి అందర్నీ లెక్కపెట్టింది ఇందుకే.

పేర్లు అక్కర్లేదు. వార్డు, వయసు, ఆడా మగా, చనిపోయిన తేదీ, ఇంట్లోనా ఆసుపత్రిలోనా, ఈ అయిదు కాలమ్స్ చాలు. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ముందు పెట్టండి, కమిషనర్ గారికి కూడా ధైర్యంగా ఉంటుంది.

ఇంకో మాట, అహ్మదాబాద్ డిగ్రీలు మన కోస్తాకి ఎత్తి తెచ్చుకోకండి. అక్కడ పొడి వేడి, మన దగ్గర 38 డిగ్రీలకే చెమట ఆరదు, ఉక్కపోత చంపేస్తుంది. వాతావరణ శాఖ కూడా వడగాలి అనడానికి మైదానాల్లో 40, తీర ప్రాంతంలో 37 పెట్టుకుని, ఆ పైన మామూలు కంటే ఎంత ఎక్కువుందో చూస్తుంది. మీ ఊళ్ళో ఎన్ని డిగ్రీల నుంచి ప్రమాదమో ఆ గీత మీ ఊరి చావుల్లోంచే తియ్యాలి. ఆ రాత్రి 36 డిగ్రీల లెక్క చాలా విలువైనది, పగలు వేడికి అలిసిన ఒంటికి రాత్రి చల్లబడే టైము దొరక్కపోతేనే పెద్దవాళ్ళకి ప్రమాదం. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారని ప్రభుత్వ లెక్కే చెప్పింది, నేను అప్పుడు హౌస్ సర్జన్‌ని, ఒంటి వేడి 106, 107 ఫారెన్‌హీట్‌తో వచ్చేవాళ్ళు, ఐస్ కోసం పక్కనున్న సోడా కొట్టుకి పరిగెత్తేవాళ్ళం.

బంజారాహిల్స్_బస్తీ:

కూల్ రూఫ్ గురించి హైదరాబాద్ ముచ్చట చెప్తా. 2017ల దేవరకొండ బస్తీల పాతిక ఇండ్ల మీద తెల్లటి షీట్ కోటింగ్ వేసి చూసిన్రు, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఆస్కీ అనే ఆఫీసర్ల ట్రైనింగ్ కాలేజీ, ఎన్ఆర్‌డీసీ, మా సిటీ కార్పొరేషన్ జీహెచ్ఎంసీ అందరు కలిసి చేసిన పని. కోటింగ్ లేని ఇండ్లతోని పోలిస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. అది పట్టుకుని పాలసీ దాకా వచ్చేసరికి 2023 ఏప్రిల్ అయింది, అంటే ఆరేండ్లు. ఇది చెప్పేది మీరు మూడు నెలలకే దిల్ చిన్న చేసుకోవద్దని.

తెలంగాణ పాలసీ 2023 నుంచి 2028 దాకా. సర్కారు బిల్డింగులకు, కమర్షియల్‌కు, 600 గజాలు అంతకన్న పెద్ద జాగాల కట్టే ఇండ్లకు తప్పనిసరి. 600 గజాల లోపు ఇష్టముంటే వేసుకోవచ్చు. ఇక్కడనే నాకు మనసున పడతలేదు అక్కా. రేకుల ఇండ్లు ఏవి 600 గజాలల్ల ఉంటయ్? మా బస్తీల అరవై గజాలంటే పెద్ద ఇల్లు. పర్మిషన్ తీసుకుని కట్టేటోళ్ళకే రూల్ తగుల్తది, పర్మిషన్ లేని ఇండ్లల్లనే వేడి ఎక్కువ. కొలిచినది పేదోళ్ళ ఇంట్ల, రూల్ వచ్చింది పెద్దింటికి. మీరు చేసేటప్పుడు ఈ తప్పు మొదలే చూసుకోండి, చిన్న ఇండ్లకు మున్సిపాలిటీనే ఖర్చు పెట్టుకునేటట్టు రాయించండి.

ఇంక చేతితోని చేసే కాడ ముచ్చట్లు. రేకుల మీద ఊకె ఖాళీ ఉండదు, రాళ్ళు, పాత టైర్లు, విరిగిన సైకిల్, కట్టెలు, ఎండబెట్టిన మిర్పకాయలు అన్నీ ఉంటయ్, అవి దించనీకే సగం దినం. సిమెంటు రేకు పాతదైతే మనిషి ఎక్కితే పలుగుతది, నిచ్చెన మీద పలక వేసుకుని నిలబడాలె. ఉత్త సున్నం మొదటి వానకే కారిపోతది, అందుట్ల ఫెవికాల్ లాంటి జిగురు కలిపితే ఒక సీజన్ ఆగుతది. ఎదురింటి మేడ మీదోళ్ళకు తెలుపు కండ్లల్ల కొడ్తదని లొల్లి చేస్తరు, ముందే వాళ్ళకు చెప్పిపెట్టుకోండి. ఏటేటా ఎవరు వేస్తరు అనేది మొదటి రోజే తేల్చుకోవాలె, మా గల్లీల మహిళా సంఘం ఆ పని పట్టుకుంది.

వేపచెట్టు:

అందరూ సున్నం దగ్గరే ఆగిపోయారు, నాకు నచ్చలేదు. ప్లానింగ్ అంటే కప్పు మీద రంగు ఒకటేనా? మా ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రెండు వైపులా ఉన్న చింతచెట్లు, కానుగచెట్లు కొట్టేశారు, మధ్యలో డివైడర్ కట్టి పూలమొక్కలు పెట్టారు. పూలమొక్క నీడలో ఎవరు నిలబడతారు? కూరగాయల వాళ్ళు ఇప్పుడు గొడుగు కింద కూర్చుంటున్నారు, గొడుగు జరిపిన కొద్దీ వాళ్ళూ జరుగుతున్నారు. సందుల్లో కూడా ఇంటి గుమ్మం దాకా సిమెంటు పోసేశారు, మట్టి కనపడదు, సాయంత్రం ఆ సిమెంటే ఇంట్లోకి వేడి కొడుతుంది. ఇవన్నీ ప్లానింగ్ వాళ్ళు సంతకం పెట్టినవే. పరిశోధన చేసేవాళ్ళు వీటి మీద కూడా నోరు విప్పాలి కదా.

రిటైర్డ్_టీపీవో:

నిజమే నాయనా, ఆ సంతకాల్లో కొన్ని నావీ ఉన్నాయి, ఆ చెట్లు తలుచుకుంటే ఈ రోజుకీ మనసు కలుక్కుమంటుంది. రోడ్డు ఎస్టిమేట్‌లో చెట్టు అంటే అడ్డం తొలగించుట అనే లైను కింద వచ్చేది, దానికి కూడా ఒక విలువ ఉందని చూపించే కాగితం నా టేబుల్ మీదకి ఒక్కటీ రాలేదు. ఫలానా వీధిలో చెట్టు కింద నేల ఇంత, ఎండలో నేల ఇంత అని కాలేజీ వాళ్ళు రోడ్డు టెండర్ కంటే ముందు ఇచ్చి ఉంటే అలైన్‌మెంట్, అంటే రోడ్డు వెళ్ళే గీత, రెండడుగులు జరిపే అధికారం మాకు ఉండేది. టెండర్ అయ్యాక వస్తే ఏం చెయ్యలేం. కాబట్టి అమ్మాయ్, ఏ రోడ్లు వెడల్పు చెయ్యబోతున్నారో ఆ లిస్టు కూడా ఇప్పుడే అడుగు. లేఅవుట్లలో పది శాతం ఖాళీ జాగా మున్సిపాలిటీకి ఇచ్చి ఉంటారు, చాలా చోట్ల ముళ్ళపొదలతో పడి ఉంటాయి, ఆ లిస్టు కూడా ఉంటుంది. రేకుల కాలనీకి దగ్గర్లో ఏది ఉందో చూసి వేప, కానుగ పెట్టించు.

గోదావరి_గట్టు:

నాలుగు నెలల తర్వాత వస్తున్నా, జవాబు ఇవ్వడం లేటైంది, క్షమించండి.

నవంబర్‌లో ఒకటిన్నర పేజీ తెలుగు కాగితం, వార్డు మ్యాపు, ఎథిక్స్ కమిటీ లెటర్ పట్టుకుని వెళ్ళాం. కమిషనర్ గారు పది నిమిషాలు చదివి రిజిస్టర్ ఎందుకు అని ఒక్కటే అడిగారు, డాక్టర్ గారు చెప్పినట్టే చెప్పాను, అయిదు కాలమ్స్, పేర్లు వద్దు అని. హెల్త్ సెక్షన్‌లో జనన మరణాలు చూసే ఆయనకి చెప్పారు. ఆయనకి ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంట్, ఈ సీట్లోనే పద్దెనిమిదేళ్ళ నుంచి ఉన్నారు. పాతవి ఆన్‌లైన్‌లో సరిగ్గా లేవు, పుస్తకాల్లోంచి ఎక్కించుకోవాలి, మా స్టూడెంట్స్ ఇద్దరు శనివారాలు ఆయన టేబుల్ పక్కనే కూర్చుని ఎక్కిస్తున్నారు. ఇప్పటికి అయిదేళ్ళవి అయ్యాయి.

మూడో శనివారం ఆయనే అన్నారు, "మే నెల పుస్తకం ఎప్పుడూ తొందరగా నిండిపోతుందమ్మా, జూన్‌లో కొత్తది ఇండెంట్ పెడుతూ ఉంటా, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు". నాకు ఒళ్ళు జలదరించింది. మేం లాగర్లు పెట్టి కొలుస్తున్నది ఆయన చేతికి పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. ఇప్పుడు ఆయనే మాకు చెప్తున్నారు, ఫలానా వీధి పేరు మారింది పాతపేరు ఇది, ఫలానా ఆసుపత్రి వాళ్ళు నెలాఖరున ఒకేసారి పంపుతారు ఆ తేదీలు చూసుకోండి అని. పేపర్ రాసినప్పుడు ఆయన పేరు కూడా పెట్టాలని మా గైడ్‌తో మాట్లాడాను, ఒప్పుకున్నారు.

సున్నం పని వేసవి కార్యాచరణలో ఒక పేరాగా ఎక్కింది, మొదట ఆ కాలనీలో నలభై ఇళ్ళు, అంగన్‌వాడీ ఒకటి. ఇరవై ఇళ్ళకి ముందు వేసి మిగతా ఇరవైకి మే రెండో వారం వేస్తాం, మధ్యలో పోల్చడానికి. ఆ పోలిక కోసం ఇరవై ఇళ్ళవాళ్ళు ఆ కొన్ని వారాలు వేడిలో ఆగాలి, అది మాకు కష్టంగా అనిపించి చీట్లు తీశాం, ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళు చీటీ లేకుండానే ముందు వరసలో పెట్టాం. డాక్టర్ గారూ, దీనివల్ల పోలిక ఒక వైపుకి ఒరుగుతుందని తెలుసు, దాన్ని లెక్కల్లో ఎలా సరిచెయ్యాలో కాస్త చెప్పండి.

కౌన్సిలర్ గారు వచ్చారు, బాబాయ్ గారూ, చలికాలం కాబట్టి రాత్రి వేడి తెలియలేదు కానీ ఇడ్లీ ఆవిడే ఆయన్ని మార్చిలో మళ్ళీ రమ్మంది. రోడ్ల లిస్టు ఇంకా రాలేదు, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో సోమవారం మళ్ళీ అడుగుతాను.